ఏ పక్క మెరుస్తోంది?

రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తలో మా బావ విజయవాడ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో పన్నెండు సీసాలున్నాయి. మంగలి షాపులో తల మీద నీళ్లు చల్లే సీసాకు ఉన్నట్టే వాటికీ పైన నొక్కే మీట ఉంది. లోపల పల్చటి మజ్జిగలాంటి ద్రవం. కారు మీద చల్లి గుడ్డతో తుడిస్తే చాలని, కడిగే పనే లేదని, పెయింటు కొత్తదానిలా మెరుస్తుందని అమ్మినవాళ్లు చెప్పారట.

బావంటే నా భర్తే. మేనత్త కొడుకునే చేసుకున్నాను. చిన్నప్పటి నుంచి అలవాటైన పిలుపు పెళ్లయ్యాక కూడా మారలేదు. మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఆయనకు కార్ల స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. అంతకుముందు సరుకంతా హైదరాబాదు నుంచే వచ్చేది. ఇప్పుడది వేరే రాష్ట్రమైపోయింది. బిల్లులు ఎలా రాయాలో, పన్ను ఎక్కడ కట్టాలో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పేవారు. ఆ తికమక పడలేక బావ విజయవాడ వైపు తిరిగాడు. అక్కడ దొరికిన కొత్త వస్తువు ఈ సీసా.

"మన ఊరి కోసమే చేసినట్టుండాది ఇది," అన్నాడు పెట్టె విప్పుతూ. "నీళ్లే అక్కర్లేదంట."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ ఏడు మా వీధిలో బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకరు వచ్చిన రోజే తలంటు. ఆ నీళ్లు కూడా చవుడు నీళ్లు, కారు కడిగి వదిలేస్తే ఆరిన చోటల్లా తెల్లటి మచ్చలు పడేవి. కడక్కపోతే పలకల మిల్లుల దుమ్ము బూడిదలా పేరుకునేది. కారున్నవాళ్లందరికీ అదొక బాధ.

అయితే మార్కాపురంలో కారు పెయింటు గురించి కొత్త మాట ఎవరు చెప్పినా జనం ఒకటే అడిగేవారు. "ఆయన చూసినాడా? ఏమన్నాడు?" ఆ ఆయన మా నాయన.

నాయన నలభై ఏళ్లు కార్లకు పెయింటు వేశాడు. బావ దుకాణానికి కొంచెం ముందుకు పోతే రేకుల షెడ్డు, అదే ఆయన పనిచోటు. గిద్దలూరు నుంచి, కనిగిరి నుంచి కూడా కార్లు వచ్చేవి. పాత రంగు పక్కన కొత్త రంగు వేస్తే అతుకు ఎక్కడుందో కారు యజమానికి కూడా తెలిసేది కాదు. పని అయ్యాక వంగి, బానెట్ మీద తన మొహం చూసుకుని, మీసం సవరించుకునేవాడు. మీసంలో ఒక్కో వెంట్రుకా కనిపిస్తేనే కారు బయటికి పోయేది. లేదంటే ఇంకో పూట చేత్తో రుద్దాల్సిందే.

అందుకే బావ ఒక సీసా పట్టుకుని నేరుగా మామ దగ్గరికి పోయాడు. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మూత దగ్గర వాసన చూసి, "సగం సగం చేసి చూద్దాం," అన్నాడు. "ఒక పక్క నేను చేత్తో రుద్దుతా. ఇంకో పక్క నువ్వు నీ మందు చల్లు."

ఆదివారం పొద్దున పెట్టుకున్నారు పరీక్ష. నేను తర్లుపాడులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. ఆ రోజు సెలవు కాబట్టి సీసా మీద ఇంగ్లీషులో ఉన్నది చదివి చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. మా కారు సెకండ్ హ్యాండుది, ముదురు నీలం రంగు. బావ దాన్ని ఇంటి దగ్గర్నుంచి నడిపి తెచ్చి షెడ్డు ముందు ఎండలో ఆపాడు. నాయన బానెట్ మీద దుమ్ము దులిపి, నట్టనడుమ పై నుంచి కింది దాకా టేపు అంటించాడు. ఎడమ సగం ఆయనది. కుడి సగం సీసాది.

నాయన తన పద్ధతిలోనే చేశాడు. ముందు సన్న గీతలు పోగొట్టే కాంపౌండు ముద్ద, తరువాత మైనం పాలిష్, ఆ తరువాత పాత బనియన్ గుడ్డ. చెయ్యి గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పక్క షెడ్డులో సొట్టలు తీసే చాచా కూడా సుత్తి పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. ఆయన, నాయన ఒకే ఏడాది ఆ రోడ్డు మీద షెడ్లు వేసుకున్నారు. నేను పుట్టక ముందు నుంచీ పక్క పక్కనే పని.

నాయనకు దాదాపు గంట పట్టింది. బావ పని పది నిమిషాల్లో అయిపోయింది. నేను సీసా వెనక సన్న అక్షరాలు చదువుతూ తెలుగులో చెప్పాను. అడుగు దూరం నుంచి చల్లాలి. మెత్తటి గుడ్డతో ఒకే దిక్కుకు తుడవాలి. ఆ తరువాత చల్లగా, పొడిగా అని ఏదో ఉంది. "చల్లటి చోట దాచిపెట్టాలంట," అన్నాను. బావ తల ఊపి చల్లాడు. బానెట్ మీద పడిన చుక్కలు పడినట్టే ఆరిపోతున్నాయి. గుడ్డతో లాగితే చారలు. ఇంకాస్త చల్లి తుడిచాడు. ఇంకా చారలు.

నాయన టేపు పీకేశాడు.

ఎడమ సగం అద్దంలా ఉంది. అందులో సూర్యుడు, షెడ్డు రేకులు, కరెంటు తీగ, తీగ మీద కాకి, అన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. కుడి సగం మీద దోసె పెనానికి ఉల్లిపాయ రుద్దినట్టు జిడ్డు గీతలు. బావ మొహం వాడిపోయింది. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను.

నాయన వంగాడు. తన సగం వైపు చూసి కళ్లు చికిలించాడు. రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ చూశాడు. కుడి పక్కకు వెళ్లి అక్కడ వంగాడు. చాలాసేపటికి నడుం ఎత్తి, కుడి పక్క మీద చెయ్యి వేశాడు.

"ఇదే బాగుండాది," అన్నాడు.

నేను తమాషా చేస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మామా, సరిగ్గా చూసినావా?" అన్నాడు బావ. "ఇది నేను చల్లిన పక్క."

"తెలుసులే. రంగు చూడు ఎంత నిండుగా ఉండాదో. నేను చేసిన పక్క చూడు, పొగ పట్టినట్టు ఎట్లుండాదో." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది. "ఇది నేను చేసిందేనా?" అని తనలో తను అనుకుని, గుడ్డ మడిచి కిటికీలో పెట్టి లోపలికి పోయాడు.

చాచా వైపు చూశాను. ఆయన చూపు తిప్పుకుని తన షెడ్డుకు నడిచాడు. ఒక్క క్షణానికి సుత్తి చప్పుడు మొదలైంది.

ఇంటికి వస్తూ దారంతా మేమిద్దరం అదే మాట్లాడుకున్నాం.

"నీ కోసం అట్లన్నాడేమో," అన్నాను. "అల్లుడు పెట్టెడు సీసాలు తెచ్చుకున్నాడు, బాలేదంటే చిన్నబుచ్చుకుంటాడని."

"నా కోసమైతే నా మొహం చూసి అనేవాడు," అన్నాడు బావ. "మామ బానెట్ చూసి అన్నాడు."

అదీ నిజమే. పనిలో నాయన మొహమాటానికి పోయే మనిషి కాదు. నా పెళ్లి కారుకు ఎవరో వేసిన పెయింటు బాలేదని పెళ్లివాళ్ల ముందరే అన్నవాడు. మరి ఇప్పుడేమైంది? పోనీ మా కళ్లే మమ్మల్ని మోసం చేశాయా అని ఇంటికి చేరాక మళ్లీ బయటికొచ్చి బానెట్ చూశాను. చారలు చారల్లాగే ఉన్నాయి. వంగి చూశాను, నిలబడి చూశాను. నలభై ఏళ్లు ఇదే పని చేసినాయనకు కనిపించేది ఏదో ఉండి ఉంటుందని, నాకు కనపడనిది ఆ చారల్లో వెతికాను. పాల ప్యాకెట్టు కోసం వచ్చిన పక్కింటావిడను పిలిచి, "అక్కా, ఏ పక్క మెరుస్తాంది?" అని అడిగాను. ఆమె ఎడమ పక్క చూపించి, నన్ను వింతగా చూసి వెళ్లిపోయింది.

బావ మాత్రం మామ మాట మీద నమ్మకంతో సీసాలు దుకాణం ముందు వరసలో పేర్చాడు. "మామ చూసి బాగుందన్నాడు" అని వచ్చినవాళ్లకు చెప్పాడు. వారంలో నాలుగు పోయాయి. ఆ తరువాతి వారం, పెళ్లిళ్లకు కారు అద్దెకిచ్చే ఆయన సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"కారుకు ఆముదం పూసినావా అని పెండ్లికొడుకు అడిగినాడయ్యా. సబ్బు పెట్టి రుద్దినా పోవట్లా. మీ మామ నిజంగా చూసినాడా దీన్ని?"

బావ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేశాడు. సీసా వెనక్కి తీసుకుని పంపించాడు.

అప్పటికి నాయన షెడ్డుకు పోవడం మానేసి పది రోజులైంది. ఒంట్లో బాలేదని చెప్పి పంపాడు. నేను చూడ్డానికి వెళ్తే పెరట్లో వేపచెట్టు కింద కూర్చుని పాత ట్రంకు పెట్టె మూత రుద్దుతున్నాడు. దానికెప్పుడో తనే నల్ల పెయింటు వేశాడు. కాంపౌండు, మైనం, బనియన్ గుడ్డ. రుద్దడం, ఎండకు వంచి చూడ్డం, మళ్లీ రుద్దడం.

"పొద్దున్నించి ఇదే పని," అంది అమ్మ. "చీరలు పెట్టుకునే పెట్టె. దాన్ని మెరిపించి ఎవురికి చూపించాలంట?"

"ఏంది నాయనా ఇది?" అన్నాను.

ఆయన తలెత్తలేదు. "నా చెయ్యి పోయింది పాపా," అన్నాడు. "ఎంత రుద్దినా పొగ పోవట్లా. పది నిమిషాలు మందు చల్లితే వచ్చిన నునుపు, గంట రుద్దినా నాకు రాకపాయె."

ఆ మూతలో నాకు వేపాకులు కనిపిస్తున్నాయి. ఆయన మొహం కనిపిస్తోంది, వారం రోజులుగా గీయని గడ్డంతో సహా. ఆ మాట చెబుదామనుకున్నాను. కాని నాకే నమ్మకం చాలలేదు. పెయింటు సంగతి నాయనకు తెలిసినంత నాకేం తెలుసు? నాకు అద్దంలా కనిపించేది ఆయన లెక్కలో తప్పేమో. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.

కాని ఆ రోజు చాచా చూపు తిప్పుకోవడం నా మనసులో నుంచి పోలేదు. మర్నాడు బడి అయ్యాక బస్సు దిగి నేరుగా ఆయన షెడ్డుకు వెళ్లాను. ఒక కారు డోరును ఒళ్లో పెట్టుకుని కొయ్యసుత్తితో మెల్లగా కొడుతున్నాడు.

"చాచా, ఆ రోజు నువ్వు కూడా చూసినావు గదా. ఏ పక్క బాగుండె?"

ఆయన సుత్తి ఆపలేదు. "మీ నాయన చెప్పినాడు గదా బేటీ."

"నాయన సంగతి కాదు. నీకెట్ల కనపడె?"

సుత్తి ఆగింది. డోరు పక్కన పెట్టి, నాకు స్టూలు చూపించాడు.

"ఏడాదిన్నర నించి ఇట్లనే ఉండాడు," అన్నాడు. "డబ్బాలన్నీ అల్మారాలో ఒకే వరసలో పెట్టుకుంటాడు. ఎవుర్నీ తాకనియ్యడు. మొదటిది తెలుపు, రెండోది నలుపు, అట్ల లెక్క పెట్టుకుని తీస్తాడు. రంగు కలిపినాక నన్ను పిలుస్తాడు. భాయ్, ఇది ఆ కారు రంగులో కలిసిందా అంటాడు."

"నువ్వేం చెప్తావు?"

"నాకేం తెలుసు బేటీ? నేను సొట్టలు తీసేవాణ్ణి. ఇది నీలమా అంటే నీలమే అంటా. ఎంత నీలమో నాకెట్ల తెలుస్తాది?"

 నాకు కోపం వచ్చింది. "మాకెందుకు చెప్పలా?"

"అల్లుడికి తెలిస్తే షెడ్డు మూయమంటాడన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు. ఆ రోజు నేను నోరు తెరిస్తే అందరి ముందర ఆయన పరువేం గావాల?" చాచా కళ్లు తుడుచుకున్నాడు. "అట్లని నోరు మూసుకోవడం మంచిదా అంటే, అదీ నాకు తెలియలా. నమాజులో కూడా అదే అడిగినా."

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. బస్టాండులో నాయన బోర్డు చదవకుండా, ఇంజను చప్పుడు విని "గిద్దలూరు బండి వచ్చింది" అనడం. పోయిన ఉగాదికి నాకు చీర కొనడానికి పోయి, ఒక్కో చీరా దుకాణం గుమ్మంలోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూడ్డం. మేం అవన్నీ పెద్దవాళ్ల చాదస్తం అనుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం బావను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ కారే వేసుకుని వెళ్లాం. నాయన అన్నం తిని అరుగు మీద కూర్చున్నాడు. 

"నాయనా, ఆ రోజు నీ పక్కే బాగుండె," అన్నాను. "నాకు, బావకు, చాచాకు, అందరికీ. నీ పక్క అద్దం మాదిరి ఉండె. సీసా పక్క జిడ్డు చారలు."

నాయన బావ వైపు చూశాడు. బావ తల వంచుకుని, "అవును మామా," అన్నాడు.

"మరి నాకెందుకు కనపడలా?" అన్నాడు నాయన.

అన్నాక ఆగిపోయాడు.  ఆ ప్రశ్న ఆయన నోట్లో నుంచే వచ్చింది, జవాబు కూడా ఆయనకే తట్టినట్టుంది. చాలాసేపు ఎండలో నిలబడిన కారు వైపు చూశాడు. తరువాత అమ్మను పిలిచాడు.

"ఏమే, దీపం చుట్టూ రంగురంగుల చక్రం కనపడతాది గదా, అది నీకూ కనపడతాదా?"

"ఏ దీపం?"

"వీధి దీపం. కొత్తగా వేసినారు గదా తెల్లవి."

"దీపం చుట్టూ పురుగులు కనపడతాయి. చక్రమేంది?" అంది అమ్మ.

నాయన తలకాయ మెల్లగా ఊపాడు. ఆ ఏడే వీధుల్లో పాత దీపాలు తీసేసి తెల్ల దీపాలు వేశారు. వాటి వల్లే అందరికీ చూపు చెదురుతోందని, తనకొక్కడికే కాదని ఇన్నాళ్లూ అనుకున్నాడట. షెడ్డులో కూడా వెలుతురు తప్పే అనుకున్నాడు. మాకు దాచింది కొంత. తనకు తెలియనిది అంతకంటే ఎక్కువ. ఏది ఎంతో ఇప్పటికీ నేను విడదీసి చెప్పలేను.

ఒంగోలులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. పరీక్ష చేసిన డాక్టరు వయసులో నాకంటే చిన్నది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయని చెప్పి, "పెద్దాయనా, ఏం పని చేస్తుంటారు?" అని అడిగింది. చెప్పగానే చేతిలో టార్చి దించి, "ఈ కళ్లతోనా?" అంది.

"కళ్లతో కాదులేమ్మా, అలవాటు మీద," అన్నాడు నాయన.

నేను ఆమెకు బానెట్ కథ చెప్పాను. మెరిసే వైపు వదిలేసి చారల వైపు ఎలా మెచ్చుకున్నాడని అడిగాను. ఆమెకు అది వింతగా అనిపించలేదు. శుక్లం ఉన్న కంట్లోకి గట్టి వెలుగు పడితే చెదిరిపోతుందట. అద్దంలా మెరిసేది ఎదురుగా ఉంటే తెల్లటి పొగే కనిపిస్తుందట. చారల వైపు వెలుగు తక్కువ తిరిగి వచ్చింది కాబట్టి అక్కడ రంగు కనిపించింది. అంటే నాయన పక్క ఎంత బాగా మెరిస్తే, నాయనకు అంత చెడ్డగా కనిపించిందన్నమాట. నాయన ఇది విని నా వైపు తిరిగి, "అయితే నా చెయ్యి పోలేదా?" అని అడిగాడు. ఆపరేషను గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ముందు కుడి కన్ను చేశారు. మర్నాడు పొద్దున కట్టు విప్పినప్పుడు నేను ఎదురుగా ఉన్నాను. నాయన కన్ను ఆర్పి ఆర్పి చూసి, "ఈ చీర ఎప్పుడు కొన్నావు?" అన్నాడు.

"నువ్వు పెట్టిందే నాయనా. పోయిన ఉగాదికి."

"నేను పచ్చది కదా కొన్నా. ఇది నీలం."

 ఆయన గోడ వైపు తిరిగాడు. ఎడమ కన్ను చేత్తో మూసి చూశాడు. చెయ్యి మార్చి కుడి కన్ను మూసి చూశాడు. మళ్లీ మార్చాడు. పక్క మంచం మీద రోగి భయపడి నన్ను చూశాడు.

"ఒక కంటికి గోడ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండాది," అన్నాడు నాయన. "ఇంకో కంటికి పాత కాయితం మాదిరి ఉండాది. రెండిట్లో ఏది నిజం పాపా?"

"కొత్త కన్నే నిజం నాయనా."

"నువ్వెట్ల చెప్తావు? నీకు రెండు కండ్లూ ఒకే రకం."

 ఊరికి వచ్చాక కూడా ఆయన చాలా రోజులు అలాగే, ఒకసారి ఆ కన్నూ ఒకసారి ఈ కన్నూ మూసుకుంటూ తిరిగాడు. పెరుగు గిన్నె, అమ్మ కొప్పులో మల్లెపూలు, ఆకాశం, అన్నీ రెండేసి రంగులే. ఎడమ కన్ను కూడా వెంటనే చేయించుకోమంటే వద్దన్నాడు. "ఇదుండనీ కొన్నాళ్లు. నేనేం చూసినానో నాకు తెలియాల," అన్నాడు.

ఆ రోజుల్లోనే నేను ఖాళీగా ఉన్న సీసా ఒకటి తీసుకుని, వెనక ఉన్నది మొదటి నుంచి మళ్లీ చదివాను. ఆ చల్లదనం దాచిపెట్టే చోటు గురించి కాదు. చల్లబడిన, పొడి పెయింటు మీదే చల్లాలని, నీడలో చేయాలని ఉంది. మేమేమో అప్పుడే నడిపి తెచ్చిన కారు మీద, ఇంజను వేడికి కాలుతున్న బానెట్ మీద, ఎండలో చల్లాం. సీసా కొన్నవాళ్లకు బావ చెప్పింది కూడా నేను చెప్పిన తప్పే. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. బావ కోప్పడలేదు. "పిల్లోళ్లకు కూడా ఇట్లనే చెప్తావా పాఠం?" అని మాత్రం అన్నాడు.

మళ్లీ చేశాం. ఈసారి షెడ్డు లోపల, ఎండ రాక ముందు, చల్లటి బానెట్ మీద. బావ చల్లి ఒకే దిక్కుకు లాగాడు. చారలు రాలేదు. నాయన కంటి ఆపరేషను అయ్యింది కాబట్టి ఆయన పక్క చాచా రుద్దాడు, నాయన స్టూలు మీద కూర్చుని "గుండ్రంగా భాయ్, గుండ్రంగా" అంటుండగా. అయ్యాక నాయన ఎడమ కన్ను మూసుకుని రెండు పక్కలూ చూశాడు. 

"చేత్తో చేసింది లోతుగా ఉండాది," అన్నాడు. "సీసాది పైపై మెరుపు. కానీ తప్పు పట్టేదానికి లేదు. ఊర్లో నీళ్లు లేవు, అందరికీ గంటసేపు రుద్దే ఓపికా లేదు. నీడలో చెయ్యమని చెప్పి అమ్ముకో అల్లుడా."

బావ ముందు కొన్న నలుగురి దగ్గరికీ వెళ్లి ఎలా చల్లాలో తనే చేసి చూపించి వచ్చాడు. మిగిలిన సీసాలు నిదానంగా పోయాయి. మళ్లీ తెప్పించాడు కూడా.

నాయనకు మాత్రం సీసాల మీద ధ్యాస లేదు. కుడి కన్ను బాగై ఊరికి వచ్చిన మొదటి రోజే షెడ్డు ముందు ఒక కారు ఆగింది. దాని వెనక డోరుకు రంగు తను వేసిందే. మిగతా కారంతా తెలుపు, ఆ డోరు మీగడ రంగు. నాయన కుడి కన్ను మూశాడు. రెండూ ఒకటే. ఎడమ కన్ను మూశాడు. రెండూ వేరు. అలా ఎంతసేపు చేశాడో. అప్పట్నుంచి ఏడాదిన్నరలో వేసిన కార్లన్నీ గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. బస్టాండు దగ్గర టాక్సీలు నిలిచే చోటికి పోయి చూసి వచ్చేవాడు. అన్నీ తప్పు కాదు. కాని ఆరు దొరికాయి.

"ఎవురూ ఏమీ అనలా నాతో," అన్నాడు ఒకరోజు. "ఆరుగురికీ కండ్లుండాయి గదా. ఎందుకు అనలేదంటావు?"

గౌరవం కొద్దీ అనలేదేమో అన్నాను. గమనించలేదేమో అంది అమ్మ. వాళ్లలో ఇద్దరు మాత్రం అనకుండానే వేరే షెడ్డుకు మారిపోయారని బావకు తెలుసు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

రెండో కన్ను కూడా బాగయ్యాక నాయన ఒక్కొక్కరి దగ్గరికీ తనే వెళ్లాడు. రంగు తప్పు వేశానని, ఊరికే మళ్లీ వేస్తానని చెప్పాడు. ఐదుగురు కార్లు తెచ్చి వదిలారు. వాళ్లలో వేరే షెడ్డుకు మారిన ఇద్దరూ ఉన్నారు. ఆరో కారు త్రిపురాంతకంలో ఉంది. ఆ టాక్సీ ఆయన ఫోనులో సరేననీ, కుదరదనీ ఏదీ తేల్చి చెప్పలేదు. నాయన బస్సెక్కి పోయాడు. నాకూ సెలవు కాబట్టి తోడు వెళ్లాను.

ఆయన గుడి దారిలో టీకొట్టు పక్కన కారు ఆపుకుని ఉన్నాడు. లేత నీలం కారు. ముందు డోరు ఒకటి ఆకుపచ్చకు దగ్గరగా ఉంది. అంత తేడా ఉందని నేను అనుకోలేదు. నాయన డోరు మీద చెయ్యి వేసి అంతా చెప్పాడు. కళ్ల సంగతి, ఆపరేషను సంగతి, తప్పు తనదేనని.

"వద్దులే పెద్దాయనా," అన్నాడు ఆయన. "ఇట్లనే ఉండనీ."

"అట్ల కాదయ్యా, రెండు రోజుల్లో చేసిస్తా. నువ్వేం ఇయ్యొద్దు."

"దానికోసం కాదు. తిరణాలకు నూరు కార్లు నిలబడతాయి ఈడ. అన్నీ ఒకటే రకం. దేవుడికి మొక్కుకుని కిందికి వచ్చినోళ్లు ఏ కారులో వచ్చినారో మరిచిపోతారు. నా బేరాలు మాత్రం పచ్చ డోరు పచ్చ డోరు అని వెతుక్కుంటా వస్తారు. కనిగిరి నించి కూడా ఫోన్ చేసి పచ్చ డోరు కారు కావాలంటారు. నువ్వు బాగు చేస్తే నన్నెవురు గుర్తు పడతారు?"

నాయన మళ్లీ ఒకసారి చెప్పి చూశాడు. ఆయన టీ ఇప్పించి, చేతులు జోడించి, బేరం వచ్చిందని కారెక్కి పోయాడు. ఆ డోరు మలుపు తిరిగే దాకా కనిపించింది.

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎర్రగొండపాలెం పోయే బస్సు ఎదురొస్తే బోర్డు పైకి చదివాడు. ఎదురొచ్చే కార్ల డోర్లే చూస్తూ చాలా దూరం వచ్చాడు.

"తప్పు చేసినా అని నేనే పోయి చెప్తాంటే వద్దంటాడేంది పాపా?" అన్నాడు చివరికి. "ఆ డోరు అట్ల తిరుగుతాంటే చూసినోళ్లు ఎవురు వేసినారు అని అడుగుతారు గదా. నా పేరే గదా చెప్తాడు?"

"చెప్తాడు నాయనా."

"మంచిగా చెప్తాడా, చెడ్డగా చెప్తాడా?"

నాకు నిజంగానే తెలియలేదు. ఆ మాటే చెప్పాను. నాయన జేబులోంచి కంటి చుక్కల మందు తీసి, తల వెనక్కి వాల్చి, బస్సు కుదుపుల్లోనే రెండు కళ్లలో వేసుకున్నాడు. మార్కాపురం వచ్చే దాకా కళ్లు మూసుకునే ఉన్నాడు.